తిరుమల మేడమ్ చేతులు మార్చుకున్న తీరు

తిరుమలకు పన్నెండేళ్లప్పుడు, బెల్లంపల్లిలో ఆమె చదివే మిషన్ బడికి ప్రభుదాస్ అనే సంగీతం మాస్టారు వచ్చాడు. ఆయన వెంట చెల్లో అనే వాయిద్యం వచ్చింది. ఫిడేలులాగే దానికీ నాలుగు తీగలు, కమాను. కాకపోతే మనిషి ఛాతీదాకా వచ్చేంత ఎత్తు. కుర్చీలో కూర్చుని మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని వాయించాలి. పిల్లలందరూ ఫిడేలు పట్టుకుంటే తిరుమల దీని దగ్గర ఆగిపోయింది.

"గంత పెద్దది నీకెందుకే?" అని తల్లి బాలవ్వ అడిగింది.

"దాని గొంతు మన బాపు గొంతు లెక్కనే ఉన్నదవ్వా."

బొగ్గుబాయిలో పనిచేసే తండ్రి మొండయ్య ఆ మాటకు నవ్వాడే తప్ప కాదనలేదు.

ఆరేళ్లు ప్రభుదాస్ దగ్గర నేర్చుకుని, పద్దెనిమిదో ఏట చెన్నై వెళ్లింది. పాశ్చాత్య సంగీతం పరీక్షలు ఒక్కొక్కటే పాసై, సినిమా పాటల రికార్డింగుల్లో కుదిరింది. తొమ్మిదేళ్లు వాయించింది. ఎప్పుడూ వెనక వరుసే. కీబోర్డులోనే అన్ని వాయిద్యాల చప్పుళ్లూ దొరకడం మొదలయ్యాక పిలుపులు తగ్గాయి. అప్పుడే ప్రభుదాస్ కాలం చేశాడు. తన చెల్లో ఆమెకే ఇమ్మని చెప్పిపోయాడు. దాన్ని తీసుకోవడానికి వచ్చిన తిరుమల మళ్లీ చెన్నై పోలేదు. మంచిర్యాలలో ఒక మేడమీద గది తీసుకుని క్లాసులు పెట్టింది.

వచ్చినవాళ్లంతా గిటారు అడిగేవాళ్లే. "గిదేంది మేడమ్, ఫిడేలుకు అవ్వనా?" అన్నాడొకాయన చెల్లోను చూసి. ఆమె ఫిడేలు నేర్పుతూ ఓపిక పట్టింది. చివరికి 2017లో స్పందన అనే తొమ్మిదేళ్ల పిల్ల "నాకు పెద్దదే కావాలె" అని పట్టుబట్టింది. చెల్లోకు మొదటి శిష్యురాలు ఆమే.

రెండేళ్లకు, బెల్లంపల్లి దారిలో తిరుమల ఎక్కిన ఆటో బోల్తా పడింది. ఎడమచేతి చివరి రెండు వేళ్ల నరాలు తెగాయి. వేళ్లు ముడుచుకుంటాయి కానీ తీగ నొక్కేంత బలం రాదన్నాడు డాక్టరు. చెల్లో మీద స్వరం పలికించేది ఎడమచేతి వేళ్లే. తిరుమల క్లాసు మూసేసి, మూడు నెలలు తల్లి దగ్గర కూర్చుంది.

బాలవ్వ జీవితమంతా బీడీలు చుట్టిన మనిషి. ఒకరోజు చేట పక్కన పెట్టి అడిగింది.

"ఏడ్సుడు అయిపోయిందా? నా కుడి బొటనవేలు కత్తెరకు తెగినప్పుడు ఎడమచేత్తోని చుట్టిన. మొదాలు అన్నీ వంకరబీడీలే. నెలకు సక్కగైనయ్. నీది గంతకన్నా కష్టమా?"

"గంతకన్నా కష్టమేనవ్వా."

"అయితే నాలుగు నెలలు పడ్తది. పట్టనియ్."

చేతులు మార్చుకోవాలంటే చెల్లోను తిప్పి పట్టుకుంటే సరిపోదు. తీగల వరస మార్చాలి, లోపలి చెక్కలూ మార్చాలి. హైదరాబాదులో ఒక మరమ్మతుదారు ఆ పని చేసిపెట్టాడు. ఇక కమాను ఎడమచేతికి, తీగలు కుడిచేతికి. కమాను పట్టుకోవడానికి ముడుచుకునే వేళ్లు చాలు.

"నాకు గిది మొదటి పాఠం," అని క్లాసు మళ్లీ తెరిచిన రోజు స్పందనతో చెప్పింది.

"అయితే నేనే మీకు సీనియర్, మేడమ్."

ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని ఒకే పాఠం సాధన చేశారు. కుడి వేళ్ల చర్మం లేచిపోయింది. ఏ స్వరం ఎక్కడుందో బుర్రకు తెలుసు, వేళ్లకు తెలియదు. కోపంతో కమాను కింద పెట్టిన రోజులున్నాయి. "భుజం లేస్తుంది మేడమ్. నన్ను లేపొద్దంటరు గద," అని స్పందన తప్పు చూపిస్తే, సిగ్గుపడి దించుకునేది.

నాలుగు నెలలు కాదు, మూడేళ్లు పట్టింది. 2022లో కరీంనగర్‌లో ఒక చిన్న హాల్లో ఇద్దరూ కలిసి వాయించారు. నడుమ తిరుమల ఒక స్వరం తప్పింది. స్పందనకు తప్ప ఎవరికీ తెలియలేదు. ముందు వరుసలో కూర్చున్న మొండయ్య బయటికొచ్చి, "వాయించుడు మంచిగున్నది గని, కుర్చీలే జర గట్టిగున్నయ్," అన్నాడు.

వాద్యబృందాల్లో ఆమెకిప్పుడు చోటు లేదు. వరుసలో కూర్చుంటే పక్కవాళ్ల కమానుకు ఆమె కమాను తగులుతుంది. ఆ సంగతి ఎవరడిగినా దాచకుండా చెబుతుంది. కానీ క్లాసులో మాత్రం ఒక మేలు జరిగింది. ఎదురుగా కూర్చున్న పిల్లలకు ఆమె అద్దంలో బొమ్మలా కనిపిస్తుంది. ఏ చెయ్యి ఎటు అని వాళ్లు తికమకపడరు. స్పందనకు ఏడాది పట్టిన పాఠాలు ఇప్పటి పిల్లలు ఆరేడు నెలల్లో పట్టేస్తున్నారు. మొత్తం ఏడుగురున్నారు. చెల్లోలు మూడే కాబట్టి వంతులవారీగా వస్తారు.