ముత్యాలయ్య పక్కన పెట్టిన ముద్ద

"ముత్యాలయ్య గురించి డాక్టరుకు అన్నీ చెప్పినా సైదావలీ. కంచం కడుక్కుంటాడనీ, చాప చుట్టి గోడకు ఆనిస్తాడనీ, పిలిస్తే పలుకుతాడనీ. ఆ ఒక్కటే చెప్పలా," అంది పరంజ్యోతి.

సైదావలి సైకిలు మీద గుడ్డలు అమ్ముతూ ఇందుకూరుపేట పల్లెలు తిరుగుతాడు. పరంజ్యోతి అరుగు మీద మంచినీళ్లు తాగనిదే ముందుకు పోడు. ఆమె మాటలు ఏళ్లుగా ముక్కలు ముక్కలుగా వింటున్నాడు. మొదలు ఇవాళ దొరికింది.

పరంజ్యోతి అప్పట్లో ఆస్పత్రి ఆయా. మతి ఉందో లేదో తేల్చమని కోర్టు పంపిన ముద్దాయిలను పది రోజులు ఒక గదిలో ఉంచేవారు. డాక్టరు పూటకొకసారి వచ్చి నాలుగు ప్రశ్నలు అడిగి పోయేవాడు. కాపలా పోలీసు గుమ్మంలో కునుకుతుండేవాడు. కటకటాల ముందు పీట వేసుకొని పొద్దంతా చూసేది ఆమె. ఆమె చూసింది డాక్టరు రాసేవాడు, డాక్టరు రాసింది కోర్టు నమ్మేది.

యాభై తొమ్మిదిలో ముత్యాలయ్యను తెచ్చారు. మైపాడులో చేపల వేటకు పోయే మనిషి. పడవలో తమ్ముణ్ణి తెడ్డుతో కొట్టి చంపాడని కేసు. మతి లేదని తేలితే పిచ్చాసుపత్రి, ఉందంటే జైలు.

అన్నం పెట్టగానే అతను మొదటి ముద్ద ఎడమపక్క నేల మీద పెట్టేవాడు. కాసేపు ఆగి, తర్వాత తాను తినేవాడు. సముద్రం మీదికి పోయేవాళ్లు గంగమ్మకు తీసే ముద్ద కాబోలు అనుకుంది పరంజ్యోతి. తాను చర్చికి పోయే మనిషి. ఇంకొకరి మొక్కును డాక్టరు ముందు పిచ్చి కింద జమకట్టడం మర్యాద కాదని ఊరుకుంది.

పదో రోజు, మతి సరిగానే ఉందని రాసిన కాగితం కవరులో పెట్టి అంటించేశారు. పోలీసు తలుపు తీసినాడు. ముత్యాలయ్య ఎడమపక్కకు తిరిగి మెల్లగా అన్నాడు:

"లేరా, పోదాం."

"నన్నేనా ‘లేరా’ అంటుండావు?" అన్నాడు పోలీసు.

ముత్యాలయ్య అతని వైపు చూడనే లేదు, రోజూ ముద్ద పెట్టే చోటు వైపే చూస్తున్నాడు. అది పరంజ్యోతి చూసింది. డాక్టరు గది పదడుగుల దూరం. అయినా ఆమె పీట మీంచి లేవలేదు. ముత్యాలయ్య రెండో ఏడు జైల్లోనే పోయినాడు.

అరుగు మీద పరంజ్యోతికి ఎడమవైపున తాను కూర్చోబోయినప్పుడల్లా ఆమె "కొంచెం జరుగు" అనేది ఎందుకో సైదావలికి ఇప్పుడు తెలిసింది. చెంబు దించి, సైకిలు అందుకున్నాడు.

"మైపాడుకే గదా? పెద్దోళ్లను ఊరకనే అడుగబ్బాయా, వేటకు పోయేవాళ్లు మొదటి ముద్ద పక్కన పెడతారా అని. నా పేరు చెప్పబాక. లేదన్నా సరే, ఈ దారి తప్పించుకొని పోబాక. వచ్చి చెప్పు."