మా ఓనరు తాత పడ్డ పూచీ

రాజాం ధాన్యం బేరగాళ్ళలో అగ్రగణ్యులు, మా వీధిలోకెల్లా పెద్ద గొంతు కలవారు, నేను అద్దెకుంటున్న మేడగదికి సర్వాధికారి అయిన మా ఓనరు తాత మొన్న మంగళవారం పొద్దున్న టీ తాగుతూ పోయారు. పంచదార తక్కువైందని మామ్మని తిట్టడం పూర్తిచేశాకే పోయారట. ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదు.

నేను ఇంజినీరింగ్ చదివాను. పరాయి దేశాల వాళ్ళు కట్టుకునే ఇళ్ళకి ఈ గదిలో కూర్చుని కంప్యూటర్లో ప్లాన్లు గీసి పంపుతాను. ఆఫీసు లేదు, బాసు లేడు, మెడలో కార్డు లేదు. అంచేత వీధి దృష్టిలో నేను నిరుద్యోగిని. తాత దృష్టిలో మొదట్లో రోగిని. "పొద్దల్లా గదిలోనే ఉంటన్నావు, ఒంట్లో బాగోలేదేటిరా?" అనేవారు.

సంగతి తెలిశాక కాపలా ఆయనే తీసుకున్నారు. నేను ఫోన్లో ఉంటే మెట్ల కింద నిలబడి, "ఒరే గుంటల్లారా, ఎల్లండెల్లండి! పైన మీటింగవతన్నాది!" అని అరిచేవారు. పిల్లల గోల కాదుగానీ, ఆ అరుపు మాత్రం తెల్లోళ్ళకి వినబడేది. ఎవరాయన అని ఒకాయన అడిగితే, మా సెక్యూరిటీ మేనేజరన్నాను. తాతకి చెప్తే, "మరి జీతమేటి?" అన్నారు.

నాతో చదివిన అమ్మాయిని చేసుకోవాలని నా కోరిక. ఆమదాలవలస దగ్గర వ్యవసాయం చేసుకునే వాళ్ళ నాన్నది ఒకటే మాట: కంపెనీ ఉద్యోగం ఉంటేనే పిల్లనిస్తాను. సంబంధం ఖాయం చేసేముందు ఇరుగుపొరుగుని ఆరా తీయడం మా వైపు మామూలే. ఆయన సరాసరి వచ్చి తాత అరుగు మీద కూర్చున్నారు. పైన కిటికీ దగ్గర నేను చెవులు రిక్కించాను.

"కుర్రాడిది ఏ కంపెనీ?"

"ఏ కంపెనీ కాదు."

నా పెళ్ళి అక్కడితో అయిపోయిందనుకున్నాను.

"నాదైతే ఏ కంపెనీ?" అన్నారు తాత. "ఒక్క మిల్లునే నమ్ముకున్నోళ్ళు ఆ మిల్లు మూసీగానే కూకుండిపోనారు. నాను నాలుగు మిల్లులకి ధాన్యం తోలీవోడిని. ఈడూ అంతే, నలుగురు తెల్లోళ్ళకి గీత్తన్నాడు."

"నలుగురూ మానీస్తే?"

"మానీస్తారు. అలాటి నెల్లూ వస్తాయి, అబద్దమెందుకు? ఆ నెల మీ గుంటకి బియ్యం నా ఇంట్లోంచి ఎల్తాయి. ఇంకేటి కావాలి నీకు?"

పెళ్ళయింది. అలాంటి నెలా వచ్చింది. నాకంటే చౌకగా గీసేవాళ్ళు దొరికి పనంతా ఇంకో దేశానికి వెళ్ళిపోయింది. నా దగ్గరికి వచ్చిందీ ఆ దారినే కదా, ఎవర్ని తిట్టను? తాత బస్తా ఎత్తించుకొచ్చి మా గడపలో దింపారు. "కింద ఎలకలెక్కువైపోనాయమ్మా, నీ దగ్గరుండనీ" అన్నారు మా ఆవిడతో. ఎలకలన్నీ పైనే ఉంటాయని ఆయనకి తెలుసు.

తర్వాత మళ్ళీ ఓ తెల్లాయన దగ్గర పని దొరికింది. తాత పోయిన మంగళవారం, ఇవాళ ప్లాను పంపలేను, మా పెద్దాయన పోయారని ఆయనకి రాశాను. మీ కంపెనీ పెద్దా, అని అడిగాడు తెల్లాయన. అవునన్నాను.

పాడె ముందు ఒక పక్క నేను పట్టాను, రెండో పక్క మా మావగారు. ఆయన తాటిచెట్టంత మనిషి. నా ఎత్తు సంగతి వదిలేయండి. తాత ఒక పక్కకి ఒరిగిపోకుండా, శ్మశానం దాకా మావగారు మోకాళ్ళు వంచుకునే నడిచారు.