పూత వేయకుండా వదిలిన చోటు

2020 అక్టోబరు. అప్పటికి ఆరేళ్ళుగా నేను జర్మనీలో ఎర్లాంగెన్ దగ్గర ఒక చిన్న రోడ్డు మరమ్మతుల కంపెనీలో సైట్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. పెద్ద రోడ్ల పని మాకు రాదు. సూపర్ మార్కెట్ల పార్కింగ్ స్థలాలు, రైతుల వాకిళ్ళు, గేటు నుంచి గ్యారేజీ దాకా ఉండే డ్రైవ్‌వేలు మా పని. ఆ ఏడాది కరోనా భయంతో జనం ఇళ్ళలోనే ఉండిపోయి తమ గుమ్మం ముందున్న పగుళ్ళను మొదటిసారి సరిగ్గా చూసుకున్నారు. అందువల్ల మాకు పని పెరిగింది.

ఈ ప్రాంతంలో తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు. దాదాపు అందరూ కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళే. అంతకు రెండేళ్ళ ముందు ఒక వినాయక చవితి నాడు అద్దె హాల్లో ప్రసాదం వరుసలో నిలబడ్డప్పుడు ఒకాయన నా ఉద్యోగం అడిగాడు. చెప్పాను. "డార్మ్‌స్టాట్‌లో ఎమ్మెస్ చేసి తారు పోస్తున్నావా తమ్మీ?" అని నవ్వాడు. పక్కనున్న నలుగురూ నవ్వారు. ఆయన చొక్కా రంగు కూడా నాకు గుర్తుంది. మేం వాడేది తారు కాదు, తారు బొగ్గు నుంచి వస్తుంది, ఇక్కడ దాన్ని ఎప్పుడో మానేశారు, మాది పెట్రోలియం నుంచి తీసే బిట్యుమెన్ అని చెప్పబోయాను. ఆయన అప్పటికే పులిహోర వైపు వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నేను ఆ హాలుకు మళ్ళీ వెళ్ళలేదు.

అందుకే నీరజ అనే కస్టమర్ మొదటిసారి ఫోన్ చేసినప్పుడు ఆమె అన్న మొదటి మాట కూడా నాకు గుచ్చుకుంది.

"మీరు తెలుగువారా? అయ్యో. అంటే... ఈ పనికి మీ దగ్గర జర్మన్స్ ఎవరూ లేరాండీ?"

"ఉన్నరు మేడమ్. వాళ్ళకు ఏం చెయ్యాల్నో నేనే చెప్త" అన్నాను.

నీరజది తెనాలి. ఆసుపత్రుల స్కానింగ్ యంత్రాలకు సాఫ్ట్‌వేర్ రాసే ఉద్యోగం. ఎర్లాంగెన్ శివారు పల్లెలో ఒక పాత చిన్న ఇల్లు కొనుక్కుని ఒంటరిగా ఉంటోంది. ఇక్కడ ఇళ్ళ ముందు ఎక్కువగా రాళ్ళు పరుస్తారు. ఆ ఇంటి పాత యజమాని మాత్రం ఎప్పుడో అస్ఫాల్ట్, అంటే బిట్యుమెన్ కలిపిన కంకర, వేయించాడు. అది వెలిసిపోయి బూడిద రంగుకు తిరిగింది. పైనున్న సన్న ఇసుక లేచిపోయి కంకర పళ్ళు బయటపెట్టింది. అక్కడక్కడా వేలు దూరే పగుళ్ళు.

వాకిలి చూడ్డానికి వెళ్ళినప్పుడు, నేను ప్రతి కస్టమర్‌కూ చెప్పేదే ఆమెకూ చెప్పాను. చలికాలం అస్ఫాల్ట్‌ను పాడుచేసేది చలి కాదు, నీళ్ళు. పగుళ్ళలోకి దిగిన నీళ్ళు రాత్రి గడ్డకట్టి ఉబ్బుతాయి, పగలు కరుగుతాయి. ఒక చలికాలంలో ఇది ఎన్నోసార్లు జరుగుతుంది. ప్రతిసారీ పగులు కొంచెం పెద్దదవుతుంది. సీల్‌కోటింగ్ అంటే నీళ్ళు లోపలికి దిగకుండా పైన వేసే పూత. ముందు పగుళ్ళు నింపుతాం. తర్వాత బిట్యుమెన్ ఎమల్షన్, అంటే నీళ్ళలో కలిపిన బిట్యుమెన్, సన్న ఇసుకతో కలిపి రబ్బరు చీపురుతో రెండు పొరలుగా లాగుతాం.

ఆమె అంతా విని, "నల్లగా వస్తుందాండీ?" అంది.

"వస్తది."

"ఎంత నల్లగా? పలకంత?"

"కొత్తల పలకంతనే ఉంటది. రెండేండ్లయితే మళ్ళ వెలుస్తది."

"రెండేళ్ళెందుకూ, ఆదివారం ఒక్కరోజు ఉంటే చాలు."

నీళ్ళ గురించి అంతసేపు చెప్పింది గాలికి పోయింది కదా అని నాకు కోపం వచ్చింది. మాస్కు వల్ల కనిపించి ఉండదు. కానీ ఆమె ఆదివారం సంగతి చెప్పాక ఊరుకున్నాను. ఆమె పెళ్ళి అంతకు ముందు డిసెంబరులో అయింది. మూడు వారాలు కలిసున్నారు. సెలవైపోయి ఆమె వెనక్కి వచ్చేసింది. భర్త కిరణ్‌కు వీసా టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, మార్చిలో దొరికింది. మార్చిలోనే అన్నీ మూతపడ్డాయి. ఎట్టకేలకు ఇప్పుడు వీసా వచ్చింది, ఆదివారం విమానం దిగుతాడు. అతను ఈ ఇల్లు ఎన్నడూ చూడలేదు.

"అద్దె ఫ్లాట్‌లో ఉన్నప్పుడు గుమ్మం ముందు ముగ్గేస్తే బిల్డింగ్ చూసుకునే హౌస్‌మైస్టర్ వచ్చి, మెట్లమీద పిండి పోస్తే ఎలుకలొస్తాయని తిట్టి, నాచేతే ఊడిపించాడండీ. ఇది నా వాకిలి. తను వచ్చేసరికి నల్లటి వాకిట్లో తెల్లటి ముగ్గుండాలి" అంది.

గురువారం ఎండ ఉంటుందని, వేడి పద్నాలుగు డిగ్రీలకు తగ్గదని చూసి అదే రోజు పూత వేశాం. ఈ ఎమల్షన్‌కు పది డిగ్రీలకు మించిన వేడి, పొడి గాలి కావాలి. లోపలి నీరంతా ఆవిరైపోయి పూత గట్టిపడటాన్ని క్యూరింగ్ అంటాం. గేటు వైపు భాగానికి ఎండ పడుతుంది కాబట్టి రెండు రోజులు చాలు. గుమ్మం ముందు భాగం మాత్రం పక్కింటి స్ప్రూస్ చెట్టు నీడలో ఉంది. దానికి ఇంకా ఎక్కువ పడుతుంది.

"గుమ్మం ముందట సోమవారం దాక ఒక్క చుక్క నీళ్ళు పడొద్దు మేడమ్. ముగ్గు సోమవారం పెట్టుకోన్రి."

"వచ్చేది ఆదివారమైతే సోమవారం ముగ్గు ఎవరికండీ?"

"అయితే గేటు కాడ పెట్టుకోన్రి. సుద్దముక్కతోని, పొడి ముగ్గు."

సరేనన్నట్టు తల ఊపింది. మనవాళ్ళు అలా తల ఊపితే సరే అని కాదని నాకు అప్పుడే తెలిసి ఉండాల్సింది.

ఆదివారం ఉదయం ఫోన్ వచ్చింది. "కాస్త వస్తారా అన్నయ్యా?" మూడు రోజుల్లో 'అండీ' నుంచి అన్నయ్యనయ్యాను. ఏదో పాడైందని అప్పుడే అర్థమైంది.

వెళ్ళి చూస్తే గుమ్మం ముందు పూతంతా గోధుమ రంగు బురద. నీళ్ళు చారికలు కట్టి గేటు దాకా పారాయి. ఎండీ ఎండని ఎమల్షన్ మీద నీళ్ళు పడితే అది మళ్ళీ కరిగిపోతుంది. ఆ బురద నడుమ ఒక పెద్ద మెలికల ముగ్గు. బియ్యప్పిండి మెత్తటి బిట్యుమెన్‌లోకి దిగి అక్కడే అతుక్కుపోయింది. నీరజ పట్టుచీర మీద చలికోటు వేసుకుని మెట్టు మీద కూర్చుని ఉంది. చెప్పులనిండా మడ్డి.

"నీళ్ళు వొయ్యొద్దని చెప్పిన గద!"

"కళ్ళాపి చల్లకుండా ముగ్గేంటన్నయ్యా? పొడి నేలమీద ముగ్గేసి మనిషిని లోపలికి పిలుస్తామా ఎక్కడన్నా? ఒక్క చెంబుడే చల్లాను."

"ఒక్క చెంబుడు చాలదా? నేను మూడుసార్లు చెప్పిన. జర్మన్ వచ్చి చెప్పుంటే ఇనేటోళ్ళు."

ఆ మాట అని తీరాలనుకున్నాను, అన్నాను. కంచె అవతలి నుంచి పక్కింటి ముసలామె తొంగిచూసి, ఇదేమైనా కళా అని జర్మన్‌లో అడిగింది. "కాదు, స్వాగతం" అన్నాను. "ఎవరికి?" అంది ఆమె. నేను నీరజ వైపు చూశాను.

"ఫ్లైట్ రద్దయింది" అంది నీరజ, తెలుగులోనే. "మెసేజ్ తెల్లవారుజామునే వచ్చింది. నేను ముగ్గేశాకే ఫోన్ చూశాను."

నేను ఫోన్ తీసి మళ్ళీ ఎండ ఎప్పుడుందో చూశాను.

వచ్చే గురువారం ఒక్కటే వెచ్చని రోజు, తర్వాత రాత్రుళ్ళు గడ్డకట్టే చలి అని వాతావరణ సూచన. ఆ రోజు తప్పితే మళ్ళీ వసంతం దాకా పూత వేయలేం. గురువారం పొద్దున్నే స్క్రేపర్, డబ్బాలు తీసుకుని వెళ్ళాను. చారికలన్నీ గోకి శుభ్రం చేశాను. ముగ్గు దగ్గరికి వచ్చేసరికి నీరజ అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఇది వదిలేయండి. కిరణ్‌కి జ్వరం. పాజిటివ్ వచ్చింది. తగ్గాక బయల్దేరతాడు. తను వచ్చి చూసేదాకా ఇది ఇలాగే ఉండాలి."

"మేడమ్, కింద పాత అస్ఫాల్టే ఉన్నది. పైన పూత కరిగిపోయింది. ఈ చలికాలం ఇది పగులుతది."

"పగలనివ్వండి."

"పగిల్తే నీళ్ళు పక్కలకు గూడ పోతయ్. నా పని మొత్తం ఖరాబైతది. రేపు అందరు నన్నే అంటరు, ఈ పని ఎవడు చేసిండని."

"ఎవరంటారన్నయ్యా? ఇక్కడికి ఎవరొస్తున్నారు?"

ఆ చోటు పక్కనే మోకాళ్ళ మీద కూర్చుండిపోయాను. ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది. కాన్పుకు కరీంనగర్ వెళ్ళిన నా భార్య కూడా అక్కడే చిక్కుకుపోయింది. ఏప్రిల్‌లో మాకు బాబు పుట్టాడు. వాడిని నేను ఫోన్‌లోనే చూశాను. చంటిపిల్లలు పడుకునే చిన్న మంచం ఒకటి కొని పడగ్గదిలో బిగించి పెట్టాను. అక్టోబరుకు వాడికి అది సరిపోదని తెలుసు. కాళ్ళు తగులుతాయి. అయినా విప్పలేదు. రోజూ దాని పక్కనుంచే తప్పుకుని నడుస్తున్నాను.

"మీవాళ్ళు ఇక్కడే ఉంటారా?" అని నీరజ అడిగింది.

"రావాలె" అన్నాను.

ముగ్గు చుట్టూ టేపు అంటించాను. తలుపు రెక్కంత చోటు. దాని అంచుల వెంట సన్నగా గాడి కోసి, పగుళ్ళు నింపే వేడి సీలెంట్ పోశాను. లోపలికి నీళ్ళు దిగినా పక్కలకు పాకకుండా అదొక గట్టు. మిగతా వాకిలంతా రెండు పొరలు వేశాను. సాయంత్రం ఫోటో పంపితే మా షెఫ్, అంటే కంపెనీ యజమాని, వెంటనే ఫోన్ చేసి, నడుమ ఆ కంత ఏమిటన్నాడు. కస్టమర్ కోరిక అన్నాను. దానికి గ్యారంటీ ఇవ్వనన్నాడు. అడిగిందెవరు?

కిరణ్ కోలుకునేసరికి మళ్ళీ లాక్‌డౌన్. వీసా గడువు దాటిపోయింది. కొత్తగా మళ్ళీ టెర్మిన్ కోసం ఎదురుచూపులు. ఫిబ్రవరిలో మంచు దిట్టంగా కురిసి, ఒక వారమంతా గట్టిగా గడ్డకట్టింది. అది కరిగాక నీరజ ఫోన్ చేసింది.

"పగిలింది అన్నయ్యా."

"చెప్పిన గద."

"ఫిర్యాదు చేయట్లేదు. చెప్పుకోడానికి ఇంకెవరూ లేక చెప్తున్నా. చుక్కలు కొన్ని ఇంకా ఉన్నాయి."

మార్చిలో నా భార్య, బాబు వచ్చారు. విమానాశ్రయంలో వాడు నన్ను చూసి గుక్కపెట్టి ఏడ్చాడు. ఫోన్‌లో ఉండాల్సిన మనిషి బయటికి వచ్చినందుకు కాబోలు. ఆ తర్వాత కొన్ని వారాలకే ఇండియాలో రెండో వేవ్ వచ్చి దారులన్నీ మళ్ళీ మూసుకుపోయాయి. బాబు నా భుజం మీద నిద్రపోతున్నప్పుడల్లా ఆ పగిలిన చోటు గుర్తొచ్చేది. మావాళ్ళు వచ్చారని నీరజకు చెప్పలేదు.

కిరణ్ ఆగస్టులో వచ్చాడు. వచ్చిన వారానికి నీరజ పిలిస్తే వెళ్ళాను. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. మర్యాదగానే పలకరించాడు. తర్వాత వాకిలంతా కలియజూసి, గుమ్మం ముందు చెప్పు కొనతో గీరాడు. చిన్న పెచ్చు లేచింది.

"అంతా బాగుందండీ. మరి సరిగ్గా గుమ్మం ముందు ఇలా వదిలేశారేంటి? కనపడేదే ఇక్కడ కదా. పని తెలిసినవాళ్ళు ఇలా చేస్తారా?"

నేను నీరజ వైపు చూశాను. ఆమె గేటు వైపు చూస్తోంది. నోటిదాకా వచ్చిన జవాబు చాలా పెద్దది. దాన్ని మింగడం నా స్వభావంలో లేదు, అయినా మింగాను.

"చలి ముందే వచ్చింది సార్. మిగిలిపోయింది" అన్నాను.

అతను లోపలికి వెళ్ళాక నీరజ దగ్గరికి వచ్చింది. "చెప్పనందుకు ఏమనుకోకండి. వచ్చేశాడన్న సంతోషం కంటే ఇన్నాళ్ళు రాలేదన్న కోపమే ఎక్కువుంది నాకు. తన తప్పేం లేదని తెలుసు. ఇప్పుడీ ముగ్గు సంగతి చెప్తే దెప్పినట్టే ఉంటుంది. ఆ కోపం తగ్గాక నేనే చెప్తా."

"మంచిది చెల్లే" అన్నాను.

పగిలిన అస్ఫాల్ట్ కోసి తీశాను. పెచ్చుల మీద అక్కడక్కడా తెల్లటి మరకలు. కొత్త మిక్స్ పోసి, దిమ్మిస కొట్టి, అది చల్లబడ్డాక పైన పూత లాగాను. అయ్యేదాకా ఆమె మెట్టు మీద కూర్చునే ఉంది. తీసిన పెచ్చుల్లో ఒకటి ఉంచుకుంటారా అని అడిగాను. వద్దంది.

ఆమె చెప్పలేదనే నా అనుమానం. ఎందుకంటే ఆ దీపావళికి కిరణ్ శుభాకాంక్షలు పంపుతూ, "ఈసారి శ్రద్ధగా చేశారండీ, మొదటిసారిలా కాదు" అని రాశాడు. ఆ మెసేజ్ ఇంకా నా ఫోన్‌లో ఉంది. తుడిపేయను. ఆ తప్పు నాది కాదని ఎప్పటికైనా ఎవరో ఒకరు ఒప్పుకోవాలి.

ఆ వాకిలి నేర్పింది నా పనిలో ఒకే ఒక్క చోట కనిపిస్తుంది. వేడి ఎంత, గాలిలో తేమ ఎంత, నీడ ఎక్కడ పడుతుంది అని ముందు నుంచీ చూసేవాణ్ణే. ఇప్పుడు పూత మొదలుపెట్టే ముందు కస్టమర్‌ను ఇంకొకటి అడుగుతాను: ఈ వారంలో మీ ఇంటికి రావలసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? చాలామంది పోస్టు మనిషి గురించి అనుకుని నవ్వుతారు. కొందరు కూతురు వస్తుందనో, మనవలు వస్తారనో చెబితే రోజు మార్చుకుంటాం. కిందటేడు ఫోర్‌హైమ్ దగ్గర ఒక పెద్దాయన ఆ ప్రశ్న విని వీధి వైపు చూశాడు. తర్వాత, లేదు, ఎవరూ రావలసిన పని లేదు, మీరు కానివ్వండి అన్నాడు. వాతావరణం కూడా చక్కగా అనుకూలించింది. అయినా డబ్బా మూత తీయడానికి ఆ రోజు నాకు చేతులు రాలేదు.