మా వంశపు తాళపత్రాలు

వికారాబాద్‌లో పిల్లలకు సంగీతం నేర్పుతుంటాను. మా పూజగదిలోని తాళపత్రాల కట్టలో వందల ఏళ్ల నాటి కన్నడ పాటలున్నాయని ఒక పండితుడు చెప్పినప్పటి నుంచి, సంగీతం మా వంశంలోనే ఉందని కనిపించిన వాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయాను. కట్టకు చుట్టిన గుడ్డ మీద తాండూరులోని కందుల దుకాణం పేరు ఉంది. వివరాలు తెలుస్తాయని అక్కడికి తీసుకెళ్లాను.

నేను ఎవరి మనవరాలినో చెప్పి కట్ట చూపించగానే ఆ దుకాణం వాళ్ల ముసలమ్మ గుర్తుపట్టింది.

"గిది మాదే! చిన్నగున్నప్పుడు నువ్వు ఒక్కతీరుగ ఏడుస్తున్నవని, నీ తలకింద పెడితే ఆగుతదని మీ నాయనమ్మ అడిగి తీస్కపోయింది. ఏడుపు బందైనంక తెచ్చిస్తనన్నది."

నా ముఖం మాడిపోయింది. పరువు దక్కించుకుందామని అందులోంచి పండితుడు చదివి నేర్పిన పాట ఒకటి గొంతెత్తి పాడాను.

ముసలమ్మ ఓపిగ్గా విని, కట్టను మళ్లీ నా చేతిలోనే పెట్టింది.

"ఇంక తగ్గలే బిడ్డా. జర కొన్ని దినాలు ఉంచుకో."

ఇప్పుడు మా వంశం గురించి ఎవరడిగినా వ్యవసాయమనే చెబుతున్నాను.