మిర్చక్కకు తప్పు చెప్పిన రోజు

ఆ రోజుల్లో నాకు దేవుడంటే భక్తి, మనుషులంటే భయం. తెలంగాణ వచ్చిన కొత్తలో మాట. చిన్నప్పుడు జబ్బుచేసి బడికి పోలేకపోయిన నాకు నాయినే ఇంట్లో చదువు చెప్పాడు (ఆ రుణం ఎప్పటికీ తీరదు). పరీక్షలు మాత్రం బయటినుంచి రాశాను. తరగతిగదిలో కూర్చోలేదు కాబట్టి తోటివాళ్ళతో పోట్లాడటం, ఒకరి తప్పు మొహమ్మీద చెప్పడం లాంటి విద్యలు నాకు అబ్బలేదు. ప్రభువు దయవల్ల దొరికిన మొదటి ఉద్యోగం సరిగ్గా ఆ విద్యే అడిగింది.

పని నారాయణపేటలో. మగ్గాల ఇళ్ళకు వెళ్ళి, నేతపని చేసే ఆడవాళ్ళతో తీరిగ్గా కూర్చుని, వాళ్ళ కష్టసుఖాలు వాళ్ళ మాటల్లోనే చెప్పించి రికార్డు చేసుకురావాలి. ఇద్దరిద్దరం జట్టు. ఒకరు అడుగుతుంటే ఇంకొకరు గమనించి, అడిగినామె పద్ధతిలో ఏది బాగుందో, ఏది మార్చుకోవాలో సాయంత్రం మాకు పని నేర్పే మేడం ముందు చెప్పాలి. మేడం మొదటిరోజే తేల్చేసింది: "మొహమాటానికి అంతా బాగుందనేటోళ్ళు నాకొద్దు. అట్లాంటోళ్ళు తెల్లారి బస్సెక్కి ఇంటికి పోవచ్చు."

నా జట్టు మిర్చక్క. (ఆ పేరు మేం చాటుగా పెట్టుకున్నది, ఆమె ముందు పలికి బతికినవాళ్ళు లేరు.) నాకన్నా పెద్దది. ఇద్దరిదీ ఒకే కిరాయి గది, ఎక్కడికి పోవాలన్నా నాకు ఆమె స్కూటీయే దిక్కు.

ఆ రోజు అడిగే వంతు ఆమెది. మగ్గం మీదినుంచి లేచొచ్చిన ఒక పెద్దమ్మ చాప మీద ఇంకా సర్దుకుని కూర్చోనే లేదు, మిర్చక్క మొదలుపెట్టేసింది.

"నడుము నొస్తదా పెద్దమ్మా? నొస్తది, నొయ్యకేం జేస్తది! దవాఖానకు పోయినవా? ఏడ పోతవ్, పని ఇడిసిపెట్టి!"

"అట్లగాదు బిడ్డా, మొన్న..."

"ఆ, సమజైంది. కోడలు సూస్తదా? సూడది. గీ కాలం కోడండ్లు గంతే."

పెద్దమ్మ నోరు తెరవడం, మూయడం. చివరికి కొంగు దులుపుకుని లేచింది. "నా ముచ్చట నాకన్న నీకే మంచిగ ఎరుకున్నది బిడ్డా. నువ్వు చెప్పుకుంటుండు, నేను జర పొయ్యికాడ సూసొస్త."

"ఎంత మంచిగ మాట్లాడిందే!" అంది మిర్చక్క బయటికొస్తూ. నేను స్కూటీ వెనక ఎక్కి కూర్చున్నాను.

సాయంత్రం మేడం ముందు మేమిద్దరం. చెబితే గదిలో బతకలేను. చెప్పకపోతే తెల్లారి బస్సు, నాయిన ఊరంతా గర్వంగా చెప్పుకున్న ఉద్యోగం హుళక్కి. బాగున్నదేదో అడిగితే, "అక్క పెద్దమ్మను నవ్వుకుంటనే పలకరించింది" అన్నాను. "మార్చుకోవలసింది?" అంది మేడం. మిర్చక్క నావైపు తిరిగింది. ఆ చూపుకు నా మోకాళ్ళు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. 'ప్రభువా, నోరియ్యి' అని లోపల వేడుకున్నాను. నోరు రాలేదు. పైన ఫ్యాను కిర్రుమంటోంది. చూపు తిప్పుకునే ధైర్యం కూడా లేక ఆమెనే చూస్తూ ఉండిపోయాను.

"ఏందే, గట్ల సూస్తవ్?" అంది మిర్చక్క. నేను పలకలేదు. "మధ్యల అడ్డమొచ్చిన, గదేనా?" నా చూపు ఆమె మీదే. "సరే, కోడలి ముచ్చట నేనే అన్న. గామె అననే లేదు." మళ్ళీ ఫ్యాను చప్పుడు. "మొన్న అని ఏందో చెప్పబోయింది..." ఆమె గొంతు సన్నబడింది. "నేను ఇననే లేదు మేడం. రేపు మల్ల పోత. నోరు మూసుకొని కూసుంట."

మేడం కళ్ళజోడు తీసి నన్ను చూసింది. "అడిగే పద్ధతంటే ఇదీ! ఎదుటిమనిషిని చూసుకుంట ఊకున్నది, చెప్పనిచ్చింది. ఎక్కడ నేర్చుకున్నవమ్మా?"

"ఇంట్లనే మేడం" అన్నాను. (అబద్ధం కాదు.)

తిరిగివస్తుంటే మిర్చక్క ఖాళీ రోడ్డు మీద స్కూటీ ఆపింది. "దిగు." నా పని అయిపోయిందనుకున్నాను. "నిజం చెప్పు. మాట రాకనే ఊకున్నవ్ గదా?" తలూపాను. ఆమె హ్యాండిల్ మీద వాలిపోయి కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "మేడంకు చెప్పకు. ఎక్కు."

మర్నాడు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని మరీ కూర్చుంది. పెద్దమ్మ పొద్దెక్కేదాకా చెప్పింది. మొన్న ఆమెను దవాఖానకు తోలుకపోయింది ఆ కోడలేనట.

ఇప్పుడు కొత్తగా చేరే పిల్లలకు నేనే ఈ పని నేర్పుతున్నాను. అంత నిమ్మళంగా ఎట్లా ఊకుంటారు మేడం అని అడుగుతారు. చీరె కుచ్చిళ్ళ కింద మోకాళ్ళు ఇప్పటికీ వణుకుతాయని వాళ్ళకు తెలియదు. ఒక్కోసారి ఆ ఫ్యాను కింద కూర్చున్న పిల్ల గుర్తొస్తుంది. చేయి పట్టుకుని, భయపడకు బిడ్డా అని చెప్పాలనిపిస్తుంది. కానీ చెప్పను. భయం పోతే పాపం, మాట్లాడేసేది.