స్టోరమ్మ ఎంచిన కత్తి

తల్లిదండ్రులు పెట్టిన పేరు హాజరుపట్టీలో తప్ప మరెక్కడా వినబడేది కాదు. సముద్రంలో చిక్కుకున్నవాళ్ళని గట్టుకి చేర్చే దళంలో సామాన్ల గది చూసుకునేది కాబట్టి ఆవిడ అందరికీ స్టోరమ్మ. అదే దళంలో పనిచేసే సొంత తమ్ముడు కూడా డ్యూటీలో ఉన్నంతసేపూ అలాగే పిలిచేవాడు. ఇరవై రెండేళ్ళు తాళ్ళ చుట్టల మధ్య, లైఫ్ జాకెట్ల మధ్య గడిపినా ఆవిడ ఒక్కసారీ పడవ ఎక్కలేదు. అలలు చూస్తేనే కడుపులో తిప్పేది.

ఏ వస్తువు చేతికొచ్చినా ముందు వాసన చూసేది. రబ్బరుకి ముసలితనం వస్తే వాసన మారుతుందనీ, తాడు లోలోపల కుళ్ళితే ముక్కుకే ముందు తెలుస్తుందనీ ఆవిడ నమ్మకం. నవ్వేవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. కానీ ఆవిడ వాసన చూసి పక్కన పెట్టిన తాడుని మళ్ళీ ఎవరూ నడుముకి కట్టుకునేవాళ్ళు కాదు.

అంత జాగ్రత్త మనిషి చేతిమీదుగానే ఓ మడత కత్తి తమ్ముడి నడుముకి వెళ్ళింది. ఓ వానాకాలం, కొట్టుకుపోతున్న పడవ తాడు తమ్ముడి కాలికి చుట్టుకుంది. నడుము దగ్గరున్న కత్తి తీశాడు. అది తెరుచుకోలేదు. కీలు దగ్గర తుప్పు పట్టి దవడలు బిగుసుకుపోయినట్టు ఉండిపోయింది. దళానికి పెద్ద, అందరూ పెద్దన్న అని పిలిచే ఆయన, నీళ్ళలోకి దూకి తన పాత కత్తితో తాడు కోయబట్టి తమ్ముడు బతికాడు.

గట్టుకొచ్చాక వాడు వణుకుతూనే వేళాకోళం మొదలుపెట్టాడు.

"అక్కా, ఈసారి కత్తి బదులు చెంచా ఇయ్యి. కనీసం తెరిచే పనుండదు."

ఆవిడ నవ్వలేదు. ఆ మడత కత్తిని ఇంటికి తీసుకెళ్ళి వంటగది గూట్లో, రోజూ కంటపడే చోట పెట్టుకుంది. అన్నం వండుతూ ఒకసారి, గిన్నెలు కడుగుతూ ఒకసారి దాన్ని చూసేది. తను ఎంచిన కత్తి. తన తమ్ముడి కాలు.

మరుసటి ఏడు దళంలోని పన్నెండుమందినీ నడిసముద్రంలోని రాతిదిబ్బ మీదకి శిక్షణకి పంపాలన్నారు. తొమ్మిది రోజులు. గుడారాలు, తాగునీళ్ళు, మనిషికో కత్తి. కొట్టుకొచ్చిన కర్ర చీల్చుకోవాలన్నా, తాడు కోయాలన్నా, చేప పట్టి తినాలన్నా అదే దిక్కు. పదో రోజుదాకా పడవ రాదు.

"అందరికీ ఒకే రకం కత్తి ఉండాలి. నువ్వే చూడమ్మా," అన్నాడు ఆఫీసరు సారు.

ఆవిడ సరేనంది గానీ ఆ రోజు అన్నం సయించలేదు.

మడత కత్తుల మొహం చూడకూడదన్నది మొదటి నిర్ణయం. బ్లేడు ఇనుమే పిడి చివరిదాకా ఒకే ముక్కగా ఉండాలన్నది రెండోది. ఇక మిగిలింది తుప్పు. దుకాణాలవాళ్ళు మూడు రకాలు పంపారు. ఒకటి మామూలు ఉక్కుది, వెంట్రుకని నిలువునా చీల్చేంత పదును. పెద్దన్న దగ్గరుండేదీ అలాంటిదే. దానికి రోజూ నూనె రాసి చంటిబిడ్డలా సాకేవాడు. రెండోది నల్లపూత కత్తి, ఠీవిగా, నిగనిగలాడుతూ ఉంది. సారుకి దాని మీద మనసు పడింది. మూడోది బూడిదరంగు స్టెయిన్‌లెస్ స్టీలు. పదును కాస్త తక్కువ, నూరితే వస్తుంది. ఎవరి చూపుకీ ఆనలేదు.

ఆవిడ మూడింటినీ ఇంటికి తెచ్చింది. బకెట్లో ఉప్పునీళ్ళు కలిపి రోజుకి మూడుసార్లు ముంచి, దండెం మీద క్లిప్పులు పెట్టి వేలాడదీసింది.

"ఏంటక్కా, బట్టలు మానేసి కత్తులు కట్టుకుంటున్నారా?" అంది పక్కింటావిడ.

"మా ఆయన లేడుగా, భయపడేవాళ్ళెవరు!" అంది స్టోరమ్మ. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఐదో రోజుకి ఉక్కుకత్తి ఎర్రబారింది. నల్లకత్తికి ఒళ్ళంతా బాగానే ఉంది గానీ, నూరినచోట పూత పోయి అంచు పొడుగునా సన్నటి తుప్పుగీత పడింది. కోయాల్సిన అంచే పోయాక ఒళ్ళు నిగనిగలాడితే ఏం లాభం? పైన పటారం, లోన లొటారం. బూడిదరంగుది మాత్రం కడిగిన కంచంలా ఉంది. ఆవిడ దాన్ని చెంపకి ఆనించుకుని చూసింది. చల్లగా, నున్నగా తగిలింది.

కానీ పెద్దన్న ఒప్పుకోలేదు.

"కత్తులు దండెం మీద ఉంటాయా స్టోరమ్మా? ఒరలో ఉంటాయి. మా పద్ధతిలో చూడు."

వాళ్ళ పద్ధతంటే తోలు ఒర. దళంలో అదొక ఆనవాయితీ. ఉద్యోగం వదిలి వెళ్ళేవాడు తన తోలు ఒరని కొత్తగా వచ్చినవాడి నడుముకి స్వయంగా కట్టాలి. పెద్దన్న ఒర ఆయన గురువు కట్టినది. ఆ గురువుకి అంతకుముందువాడు కట్టాడు. అంచుల దగ్గర ముగ్గురి చేతులూ అరిగిన గుర్తులుండేవి. సామాన్ల గది మనిషికి మాత్రం ఎవరూ కట్టరు. ఆమె సముద్రం మీదకి వెళ్ళదుగా.

సరే, అలాగే కానిమ్మంది. మూడు కొత్త కత్తులకి మూడు తోలు ఒరలు కుట్టించి, పెద్దన్న కళ్ళముందే రోజూ ఒరలతో సహా ఉప్పునీళ్ళలో ముంచి, కత్తులు తుడిచి, మళ్ళీ ఒరల్లో పెట్టి వారం గడిపారు. ఎనిమిదో రోజు సారు బల్ల చుట్టూ అందరూ చేరారు. ఆవిడ మొదటి రెండు తీసింది, అనుకున్నట్టే తుప్పు పట్టి ఉన్నాయి. మూడోది తీసింది.

బ్లేడు నిండా గోధుమరంగు మచ్చలు.

తమ్ముడు తల పక్కకి తిప్పుకున్నాడు.

"మూడూ ఒక తాను గుడ్డలే కదమ్మా," అన్నాడు సారు. "నల్లదే తీసుకుందాం. చూడ్డానికైనా బాగుంటుంది. కాగితం ఇటివ్వు, సంతకం పెడతా."

వంటగది గూట్లోని మడత కత్తి కళ్ళముందు మెదిలింది. కాగితం చేతిలోనే ఉంది. ఇవ్వలేదు. కత్తిని మొహం దగ్గరికి తెచ్చుకుని, అలవాటు కొద్దీ వాసన చూసింది.

కత్తి వాసన కాదది. తడి తోలు వాసన.

అప్పుడు చూసింది. పిడి పక్కన వేలెడు మేర, ఒర బయట ఉండిపోయిన ముక్క, తళతళలాడుతోంది. అక్కడ ఒక్క మచ్చ లేదు. తోలు అదిమిన చోటే మచ్చలున్నాయి.

"సార్, ఒక్క నిమిషం."

మచ్చలున్న ఆ కత్తితోనే ఆ ఒర కుట్లు సర్రున కోసేసింది. తోలుని బల్ల మీద విప్పి పరిచింది. లోపలంతా చెమ్మ. కుట్ల వెంబడి తెల్లగా పేరుకున్న పొర. రెండు చేతులా పట్టి గుడ్డని పిండినట్టు పిండింది. బొట్లు బొట్లుగా నీళ్ళు కారి సారు సంతకం పెట్టబోయే కాగితం మీద పడ్డాయి.

"కత్తిని తుడుస్తున్నాం, అన్నా," అంది పెద్దన్న వైపు తిరిగి. "తుడిచి మళ్ళీ ఉప్పునీళ్ళ సంచిలోనే పెడుతున్నాం. పగలూ రాత్రీ."

పెద్దన్న ముందుకొచ్చాడు. తోలు మీద వేలు రాసి నాలిక్కి అద్దుకున్నాడు. తర్వాత తన నడుముకున్న ఒరని తడుముకుంటూ అన్నాడు.

"ఉప్పే. ముప్పయ్యేళ్ళ నుంచి రోజూ నూనె ఎందుకు రాయాల్సొస్తోందో ఇవాళ తెలిసింది. ఇంటిదొంగని పట్టేశావు స్టోరమ్మా."

"ఒకే ఒరలో రెండు కత్తులే కాదు, కత్తీ ఉప్పూ కూడా ఇమడవన్నమాట," అన్నాడు తమ్ముడు. వాడి గొంతు విని అందరూ ఒక్కసారిగా ఊపిరి వదిలారు.

సారు తడిసిన కాగితాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, "ఇంకో వారం," అన్నాడు.

ఆ వారం ఆవిడ గట్టి ప్లాస్టిక్ ఒర తెప్పించి, మేకు ఎర్రగా కాల్చి దాని అడుగున కన్నం పెట్టింది, దిగిన నీళ్ళు దిగినట్టే పోవడానికి. మచ్చలు రుద్ది, నూరి, అదే బూడిదరంగు కత్తిని అందులో పెట్టింది. ఎనిమిదో రోజు బల్ల దగ్గర దాన్ని ఆవిడ తీయలేదు. "మీరే తీయండన్నా," అంది. పెద్దన్న లాగాడు. అది సుయ్యిమని వచ్చింది. అందులో ఆయన మొహం కనబడింది. "జుట్టు దువ్వుకోవచ్చే," అన్నాడు.

పన్నెండు కత్తులూ, పన్నెండు కన్నపు ఒరలూ దిబ్బకి వెళ్ళాయి. ఆ తొమ్మిది రోజులూ ఆవిడ గదిలో ప్రతి తాడునీ విప్పి మళ్ళీ చుట్టింది. పదో రోజు జీవితంలో మొదటిసారి పడవల రేవు చివరిదాకా నడిచింది, కళ్ళు సగం మూసుకుని, కమ్మీ పట్టుకుని.

పడవ ఆగకముందే తమ్ముడు గెంతాడు. "అక్కా! నీ కత్తి మొక్కుబడి తీర్చేసింది!"

ఆరో రోజు మధ్యాహ్నం పెద్ద కెరటం వచ్చి, దిబ్బ అంచున నిలబడ్డ పెద్దన్నని పాత వల ముద్దతో సహా లాక్కుపోయిందట. చేతులు రెండూ వలలో చిక్కుకున్నాయి, తన కత్తి తనకే అందలేదు. తమ్ముడు వెనకే దూకాడు. నడుము దగ్గర చెయ్యి వేయగానే కత్తి చేతిలోకొచ్చింది. మూడు కోతలు, అంతే. కిందటేటి అప్పు నీళ్ళలోనే తీరిపోయింది.

ఒక్కొక్కరూ కత్తులు తీసి రేవు గట్టు మీద వరసగా పేర్చారు. పన్నెండూ ఎండలో మెరిశాయి. ఆవిడ ఒక్కోదాన్నీ ఎత్తి వాసన చూసింది. చేప వాసన, పొగ వాసన, పన్నెండోదానికి నారింజతొక్క వాసన. తుప్పు వాసన ఎక్కడా లేదు.

పెద్దన్న తన సంచిలోంచి ఆ పాత తోలు ఒర తీశాడు. దిబ్బ మీదకీ వెంట తీసుకెళ్ళాడు, వదల్లేక.

"అమ్మాయ్, ఇటు తిరుగు."

"నాకెందుకన్నా? నేను పడవే ఎక్కనుగా!"

"నోరు మూసుకుని నిలబడు."

అందరి ముందూ, రేవు గట్టు మీద, ఆయన ఆ ఒరని స్టోరమ్మ నడుముకి కట్టాడు. పడవలోని వాళ్ళు తెడ్లతో చెక్క మీద దబదబా కొట్టారు. ఆవిడకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, కింద ఊగుతున్న నీళ్ళు చూసి కడుపులో తిప్పింది కూడా. అయినా కమ్మీ వదిలేసి, రెండు చేతులూ ఒర మీద వేసుకుని అలాగే నిలబడింది.

ఉన్నన్నాళ్ళూ ఆవిడ ఆ ఒరని సామాన్ల గదిలో నడుముకే పెట్టుకునేది. అందులో నాలుగు పెన్సిళ్ళు ఉండేవి. ఎవరైనా అడిగితే చెప్పేది, "చెక్కకి తుప్పు పట్టదుగా."