పలక అవుట్

మా ఊరి శివార్లలో, కంభం రోడ్డు పక్కన ఇప్పుడొక పార్కు ఉంది. నడిచేవాళ్ళకు బాట, పిల్లలకు జారుడుబండ, దాన్ని ఆనుకుని క్రికెట్ గ్రౌండు. ఒకప్పుడు పార్కు ఉన్న జాగా మా పాలెం సమాధుల తోట. మా అమ్మ అక్కడే ఉంది.

నాయన పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాడు. అమ్మ పోయినప్పుడు చట్రం బిగించని పెద్ద పలక ఒకటి తెచ్చి, మేకుతో ఆమె పేరు గీసి, తల దగ్గర పాతాడు. పక్క బయలులో కుర్రాళ్ళు క్రికెట్ ఆడేవాళ్ళు. ఒకరోజు బంతి తగిలి పలక మూల విరిగింది. నేను వాళ్ళ మీద ఇంతెత్తున లేచాను, బ్యాటు కూడా లాక్కున్నాను. నాయన మాత్రం విరిగిన ముక్క ఏరి జేబులో వేసుకున్నాడు.

"ఆడుకోండిరా. పలకకు తగిలిందంటే మాత్రం అవుట్," అన్నాడు వాళ్ళతో. దారిలో నేను మూతి ముడుచుకోవడం చూసి నవ్వాడు. "ఏందమ్మా అంత కోపం? మీ అమ్మ ఉన్నప్పుడు మాత్రం, ఆమె జోలికి పోయి గెల్చినోడు ఎవడున్నాడు?"

కొన్నేళ్ళకు పాలేనికి సమాధుల కోసం వేరే చోట స్థలం ఇచ్చారు. పాత తోట చదును చేసి పార్కు కడతామంటే పెద్దలు సరేనన్నారు. కావాలంటే ఎముకలు తీసుకుపోవచ్చన్నారు. నాయన వద్దన్నాడు. "నిద్రపోయేదాన్ని లేపుతామా?" అన్నాడు. తలాపున తుమ్మచెట్టుంది, గుర్తు ఎక్కడికి పోతుందిలే అనుకున్నాం. చదును చేసినప్పుడు చెట్టూ పోయింది, పలకా పోయింది.

ఆ తర్వాత ప్రతి ఈస్టరుకూ అందరూ కొత్త తోటలో తమవాళ్ళ సమాధుల మీద పూలు పెట్టుకుంటుంటే, నాయన ఎక్కడ పెట్టాలో తెలియక పార్కు గేటు దగ్గర పెట్టి వచ్చేవాడు. కాసేపటికి వాటిని ఎవరో ఊడ్చేసేవాళ్ళు. నాకు కోపం వచ్చేది. ఎవరి మీద అరవాలో తెలిసేది కాదు.

పోయిన ఈస్టరుకు ఆయన ఆయాసం బాగా ముదిరింది. రాతిదుమ్ము ఊరికే పోదు కదా. "వచ్చే ఏడు నేను రాలేనేమో. ఈసారన్నా ఆమె దగ్గర పెట్టాల," అన్నాడు. పార్కులో బెంచీ మీద కూర్చోబెట్టి, పక్కన కూర్చున్నాను. గ్రౌండులో ఆట నడుస్తోంది. ఒకతను బంతిని గాల్లోకి లేపాడు. అది జారుడుబండ పక్కన పడింది.

"పలక అవుట్!" అని అందరూ ఒక్కసారి అరిచారు.

నాయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నేను లేచి వెళ్ళి, ఏం పలక అని బంతి కోసం వచ్చినతన్ని అడిగాను.

"ఏమోక్కా. ఆ జారుడుబండకూ లైటు స్తంభానికీ నడుమ పడితే అవుటు. మా అన్నోళ్ళు ఆడినప్పటి నుంచీ అట్లనే."

బ్యాటు పట్టినతను ఒప్పుకోలేదు. బంతి ఇవతలే పడిందని తగువు పెట్టుకున్నాడు. ఈలోగా నాయన చెప్పులు విడిచి, పూలు పట్టుకుని, మెల్లగా నడిచి వెళ్ళి ఆ రెంటి నడుమ నేల మీద కూర్చున్నాడు. అరచేత్తో మట్టి నిమిరాడు. ఆయన ఏడుస్తున్నాడని చూసి వాళ్ళు తగువు ఆపేశారు.

"అవుటే అబ్బాయ్," అన్నాడు బ్యాటు పట్టినతనితో. "పలక ఇక్కడే ఉండింది."